ఆగయ్య పట్టిన విమానాలు

గోదావరిఖనిలో తీగ విమానాల గురించి ఎవరినడిగినా టిమోతి పేరే చెబుతారు. ఆగయ్య పేరు ఎవరూ ఎత్తరు. అది న్యాయమేనని ఆగయ్య కూడా అనుకునేవాడు. తను చూసిన ముప్పై నాలుగేళ్లూ విమానం ఎగరేసింది టిమోతి. తను చేసిందల్లా ఇంజను మోగుతున్న విమానాన్ని నేలకు అదిమి పట్టుకోవడం, అవతల టిమోతి చెయ్యి లేపగానే వదలడం.

ఇవి రిమోటుతో ఎగిరేవి కావు. రెక్కలు ఒక బార కూడా ఉండవు, చిన్నవి. చంకలో పెట్టుకుని నడిచిపోవచ్చు. ముక్కు దగ్గర అగ్గిపెట్టెంత ఇంజను, దానికి చెక్క పంక. ఎడమ రెక్క కొస నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు బయలుదేరి యాభై అడుగుల అవతల నిలబడ్డ మనిషి చేతిలోని పిడి దాకా పోతాయి. పిడిని పైకి వంచితే ఒక తీగ బిగుసుకుని తోక రెక్క లేస్తుంది, విమానం పైకెక్కుతుంది. కిందికి వంచితే దిగుతుంది. తీగల పొడవున అది గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, దాంతోపాటే నడుమనున్న మనిషీ తిరగాలి. ఇంజనులో పోసిన నూనె అయిపోయేదాకా, మూడు నాలుగు నిమిషాలు. అంతే ఆట. ఒక్కడితో అయ్యేది కాదు. నడుమ ఒకడు నిలబడాలి, అంచున ఒకడు పట్టుకోవాలి.

ఆగయ్యది మంథని వైపు ఒక పల్లె. ఇరవై మూడేళ్ల వయసులో బొగ్గుబాయిలో బదిలీ ఫిల్లరుగా, అంటే రానివాళ్ల బదులు దిగే కూలీగా, చేరాడు. చెమ్మస్ అనే పారతో బొగ్గు ఎత్తి, తట్టతో మోసి టబ్బులు నింపే పని. ఆ బాయిలోకి ఇనుప కేజ్‌లో నిలబడి దిగాలి. పైన ఇంజన్ రూములో ఒక డ్రైవరు కూర్చుని లావుపాటి ఉక్కు తాడు మీద ఆ కేజ్‌ను దింపుతాడు, లేపుతాడు. కేజ్‌లోని వాళ్లకు ఆయన కనిపించడు. ఆయనకు వాళ్లు కనిపించరు. మూడు గంటలు మోగితే మనుషులెక్కారని ఆయనకు తెలుస్తుంది, నెమ్మదిగా దింపుతాడు. ఆ డ్రైవర్లలో ఒకడు టిమోతి. ఆగయ్యకు ఆ సంగతి ఆరేళ్ల దాకా తెలియదు.

ఒక ప్లేడే నాడు, అంటే బాయికి సెలవున్న రోజు, ఆగయ్య కూరగాయల సంచితో క్వార్టర్ల వెనక మైదానం మీదుగా ఇంటికి పోతున్నాడు. మైదానం నడుమ ఒక సన్నటి పొడుగాటి మనిషి చిన్న విమానం ముందేసుకుని గొంతుక్కూర్చున్నాడు. ఆగయ్యను చూసి పిలిచాడు.

“తమ్మీ, జర గిది పడ్తవా? పట్టుకునేటోడు కొత్తగూడెం బదిలీ అయి పోయిండు.”

“ఏం జేస్తది?”

“గుంజుతది. నేను చెయ్యి లేపిందాంక వదలకు. లేపినంక ఆపకు.”

ఆగయ్య సంచి పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. టిమోతి వేలితో పంకను నాలుగైదు సార్లు కొట్టాడు. ఇంజను అందుకుంది. ఆ చప్పుడు ఆగయ్య పళ్లలోకి వచ్చింది. నూనెలో కలిపిన ఆముదం తుంపరలుగా మొహం మీద పడింది. టిమోతి నడుచుకుంటూ నడిమికి పోయి పిడి అందుకునేంతసేపూ ఆ విమానం ఆగయ్య చేతుల్లోంచి పోవాలని పెనుగులాడింది. చెయ్యి లేచింది. ఆగయ్య వదిలాడు. అది నాలుగు గజాలు నేల మీద పరుగెత్తి లేచిపోయింది. తల పైకెత్తి చూస్తూ ఆగయ్య అక్కడే కూలబడ్డాడు.

దిగిన తర్వాత టిమోతి అడిగాడు. “ఏ బాయి?”

ఆగయ్య చెప్పాడు.

“నిన్న ఏ షిఫ్టు?”

“రెండో షిఫ్టు.”

“గట్లయితే నిన్న నిన్ను దింపింది నేనే,” అన్నాడు టిమోతి, తీగలు చుట్టుకుంటూ.

ఆ రోజు మొదలు ప్రతి ప్లేడే పొద్దున ఆగయ్య మైదానంలో ఉండేవాడు. టిమోతి తండ్రి బెల్లంపల్లి బాయిల్లో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకును వరంగల్ కాలేజీలో చదివించాడు. అక్కడ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో టిమోతి ఈ ఆట నేర్చుకున్నాడు. చదువు సగంలో ఆగి బాయి పనికి వచ్చినా ఆట మాత్రం విడవలేదు. కేరళ నుంచి తేలిక చెక్క తెప్పించేవాడు. దాన్ని బ్లేడుతో కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, పల్చటి కాగితం అతికించి ఒక్కో విమానం నాలుగైదు నెలలు చేసేవాడు. నూనె కూడా ఇంట్లోనే కలిపేవాడు. కిరసనాయిలు, ఆముదం, ఈథర్. ఆగయ్య ఇంటికి పోతే చొక్కా నుంచి దవాఖాన వాసన వస్తోందని భార్య సారవ్వ దండెం మీద విడిగా ఆరేసేది.

మూడో ఏడు టిమోతి బలవంతంగా ఆగయ్య చేతిలో పిడి పెట్టాడు. విమానం లేచింది. లేచిన మరుక్షణం ఆగయ్య భయపడి పిడిని ఎటు వంచాడో అతనికే తెలియదు. రెండు సెకన్లు కూడా కాలేదు, అది నెత్తి మీదుగా వచ్చి ముక్కు నేలలో గుచ్చుకుంది. అయిదు నెలల పని. టిమోతి ముక్కలన్నీ ఏరి తువ్వాలలో కట్టుకున్నాడు. “మల్ల చేద్దాం తీయి,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆగయ్యకు బాగుండేది. ఇక జన్మలో పిడి ముట్టొద్దని ఇంటికి పోయే దారిలోనే అనుకున్నాడు. తర్వాత రెండుసార్లు టిమోతి అడిగాడు, ఆగయ్య తల అడ్డంగా ఊపాడు. ఆపైన టిమోతి అడగలేదు.

కానీ పట్టుకోవడం కూడా ఒక పనే. ఏళ్లు గడిచే కొద్దీ ఇంజను గొంతు ఆగయ్యకు తెలిసిపోయింది. నూనె ఎక్కువైతే ఎట్లా దగ్గుతుందో, తక్కువైతే ఎట్లా కీచుమంటుందో, ఏది నాలుగు చుట్లకే ఆరిపోతుందో చేతులతోనే పట్టేసేవాడు. సరిగా లేకపోతే టిమోతి చెయ్యి లేపినా వదిలేవాడు కాదు. ఒకసారి టిమోతి మూడుసార్లు చెయ్యి లేపాడు. ఆగయ్య కదల్లేదు. టిమోతి విసుక్కుంటూ పిడి కింద పెట్టి వచ్చాడు. ఆగయ్య రెక్క కొసన వేలు పెట్టి చూపించాడు. తీగ చుట్టిన చోట ఒక పోగు తెగి ఎండలో వెంట్రుకలా మెరుస్తోంది. ఆ తీగ గాలిలో తెగితే విమానం ఎటు పోయేదో, ఎవరికి తగిలేదో. టిమోతి ఇంజను ఆపి, కొత్త తీగ చుట్టాడు. ఆనాటి నుంచి ఆగయ్య వదలకపోతే ఎందుకని అడగలేదు. వచ్చి చూసేవాడు.

తొంభై ఆరులో ఆగయ్య పక్కన పనిచేసే రఘుపతి బాయి కప్పు కూలి చనిపోయాడు. ఇద్దరూ బొగ్గు తవ్వే ఒకే చోట ఉన్నారు. ఆగయ్య నీళ్లు తాగడానికి పది అడుగులు ఇవతలికి వచ్చాడు. అంతే తేడా. ఆ తర్వాత పన్నెండు రోజులు అతను డ్యూటీకి పోలేదు, ఇంట్లో ఎవరితో మాట్లాడలేదు. వచ్చినవాళ్లందరూ ధైర్యం చెప్పి పోయారు. ప్లేడే పొద్దున టిమోతి వాకిట్లో నిలబడి, “ఆగయ్యా, పట్టుకునేటోడు లేడు,” అన్నాడు. ఆగయ్య చెప్పులేసుకుని వెంట పోయాడు. ఆ పొద్దున ఆరుసార్లు పట్టుకున్నాడు, ఆరుసార్లు వదిలాడు. రఘుపతి మాట ఇద్దరిలో ఎవరూ తీయలేదు. మర్నాడు ఆగయ్య మొదటి షిఫ్టుకు కేజ్ ఎక్కాడు.

కాలం అట్లా పోయింది. బొగ్గు అయిపోయి ఆ బాయి మూతపడింది. టిమోతి రిటైరయ్యాడు, మూడేళ్ల తర్వాత ఆగయ్య రిటైరయ్యాడు. క్వార్టర్లు ఖాళీ చేసి ఇద్దరూ దగ్గర దగ్గరలోనే చిన్న ఇళ్లు కట్టుకున్నారు. ప్లేడే అనేది లేకపోయినా ఆదివారం చర్చి వేళకు ముందు మైదానం తప్పలేదు. పాత ఫిట్టరు జగదీశ్వర్ బిడ్డ పెళ్లిలో డ్రోన్ తిరుగుతుంటే, “గింత కష్టమెందుకు టిమోతన్నా, గిదొకటి తెచ్చుకోరాదు,” అన్నాడు ఆయన. టిమోతి రిమోటు అడిగి తీసుకుని కాసేపు ఎగరేసి తిరిగి ఇచ్చాడు.

“మంచిగనే పోతుంది,” అన్నాడు. “చెయ్యే గుంజుత లేదు.”

రెండేళ్ల కిందట, చలికాలం మొదట్లో, ఒక ఆదివారం అంతా ఎప్పటిలాగే మొదలైంది. ఆగయ్య వదిలాడు. పది పన్నెండు చుట్లు అయ్యాయి. నడుమ నిలబడ్డ టిమోతి కాలు తడబడింది. మరుక్షణం నరికిన కొమ్మలా పక్కకు ఒరిగిపోయాడు. తీగలు వదులయ్యాయి, విమానం ఎక్కడో అవతల నేలను గుద్దుకుంది. ఆగయ్య ఆ వైపు చూడలేదు. టిమోతి దగ్గరికి ఉరికాడు. టిమోతి రెండు చేతులతో గడ్డి పట్టుకుని ఉన్నాడు. కనుగుడ్లు పక్కకు కొట్టుకుంటున్నాయి.

“ఆగయ్యా, భూమి ఆగుత లేదు,” అన్నాడు.

దవాఖానలో పరీక్షలన్నీ చేశారు. గుండె బాగానే ఉంది, మెదడు బాగానే ఉంది. చెవి లోపల మనిషిని నిలబెట్టే భాగం దెబ్బతిన్నదని, మందులతో కొంత తగ్గుతుందని, మళ్లీ మునుపటిలా కాదని డాక్టరు చెప్పాడు. గబుక్కున వంగొద్దు, తిరగొద్దు అన్నాడు. టిమోతి భార్య రెజీనా బడిలో టీచరుగా చేసిన మనిషి. చెప్పిందల్లా కాగితం మీద రాసుకుంది. తిరగొద్దు అన్న మాట దగ్గర ఆమె కలం ఆగడం ఆగయ్య చూశాడు.

అప్పటికి టిమోతి ఇంట్లో ఒక విమానం దాదాపు తయారై ఉంది. రెండేళ్లుగా చేస్తున్నాడు. ఇంతకు ముందు చేసిన వాటికన్నా రెక్కలు పెద్దవి. గాలిలో నిలువుగా సున్నా చుట్టడానికి, తలకిందులుగా పోవడానికి లెక్కలు వేసి చేసినది. పసుపుపచ్చ కాగితం, నల్ల చారలు. మంచం పట్టిన రెండు నెలల్లో, గోడకానుకుని కూర్చుని, మిగిలిన పని కూడా టిమోతి ముగించాడు. సంక్రాంతి అయిపోయిన వారానికి ఆగయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“గిది నువ్వు ఎగరెయ్యాలె.”

“నేనా? నేను పట్టుకుంట. ఎగరేసేటోణ్ని ఎవన్నన్న చూడు.”

“ఎవలున్నరు?”

ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

“ముప్పై ఏండ్ల సంది జూస్తున్నవు,” అన్నాడు టిమోతి.

“చూసుడు వేరన్నా. నాకొచ్చింది పట్టుడు, ఇడుసుడు. గంతే. గిది రెండేండ్ల పని. నా చేతుల ఇరగొద్దు.”

టిమోతి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. “గట్లనే ఉండనీ మరి. రెజీనా, దాని మీద గుడ్డ కప్పు.”

ఆగయ్య ఇరవై రోజులు ఆ ఇంటి వైపు పోలేదు. బజారుకు పోవాలన్నా వెనక సందు నుంచి పోయేవాడు. ఒక మధ్యాహ్నం రెజీనా ఎండలో నడుచుకుంటూ వచ్చింది. సారవ్వ ఇచ్చిన నీళ్లు తాగి కూర్చుంది.

“తమ్మీ, ఆయన అన్నం సగం తిని లేస్తుండు,” అంది. “చర్చిల అందరు నిలబడ్డప్పుడు కూసునే ఉంటుండు, పడిపోతనేమోనని. ఇంటికచ్చి ఆ గుడ్డ తీసి చూసుడు, మల్ల కప్పుడు. నువ్వు ఎగరెయ్యకు. అచ్చి కూసుండు. ఆయనకు మాట్లాడెటందుకు మనిషి కావాలె.”

ఆమె పోయాక సారవ్వ బియ్యం చాట ముందేసుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

“పడగొడతనని భయమా?”

“ఊఁ.”

“పడితే ఏమైతది?”

“చెప్పిన గదనే. రెండేండ్ల పని.”

“ఆయన పనే గద. ఎగరెయ్యమని ఆయనే అనంగ, నీకెందుకు ఫికరు?”

ఆ సాయంత్రం ఆగయ్య అటక మీద వెతికి, టిమోతి ఎప్పుడో ఇచ్చిన పాత తీగల చుట్ట, విరిగి అతికించిన పిడి దించాడు. మర్నాడు పొద్దున వాకిట్లో రెండు తీగలను ఒక కర్రకు కట్టి, ఆ కర్రను సారవ్వ చేతికిచ్చాడు.

“నువ్వు నా సుట్టు తిరుగు. కర్ర మీదికి, కిందికి అను.”

“నా మోకాళ్లు చూసినవా?”

“మెల్లగనే తిరుగు.”

ఆమె తిరిగింది. అతను నడుమ నిలబడి ఆమెతో పాటు తిరుగుతూ, కర్ర తల దాటి లేస్తే పిడిని కిందికి, నడుము దాటి దిగితే పైకి వంచాడు. అయిదు చుట్లకే కళ్లు తిరిగి అరుగు మీద కూర్చున్నాడు. నేలను చూస్తే కళ్లు తిరుగుతాయని, విమానాన్ని తప్ప దేన్నీ చూడొద్దని టిమోతి ఎప్పుడో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మళ్లీ లేచి సారవ్వ చేతిలోని కర్రనే చూశాడు. ఈసారి పది చుట్లు తిరిగాడు. పక్కింటి కనకవ్వ గోడ మీద చేతులు పెట్టుకుని చూస్తూ అడిగింది.

“ఏందక్కా, ఆయనకు తీగలు కట్టి తిప్పుతున్నవు?”

“పట్టింది దిగాలె గదా,” అంది సారవ్వ, ఆగకుండానే.

రెండు వారాలు పొద్దునా సాయంత్రం అట్లా నడిచింది. చివరి రోజుల్లో సారవ్వ కర్రను ఉన్నట్టుండి లేపినా, దించినా ఆగయ్య చెయ్యి ఆలోచించకుండానే వంగేది. అప్పుడు టిమోతి ఇంటికి పోయాడు. గుమ్మంలోనే నిలబడి, “అన్నా, ఒట్టి చెక్క పలకతోని చేసిన పాత విమానం ఉన్నదా, దాంతోని నేర్పిస్తవా?” అన్నాడు.

టిమోతి గోడ పట్టుకుని లేచి, మంచం కింది పెట్టె వైపు చూపించాడు. “జల్దీ నేర్సుకోవాలె,” అన్నాడు. “గ్రౌండు పోతుంది.”

అది ఆగయ్యకూ తెలుసు. మైదానం చుట్టూ సున్నం వేసిన రాళ్లు పాతి నెల అయింది. పక్కన ఓపెన్‌కాస్టు గని పెరుగుతూ వస్తోంది. తీసిన మట్టి పొయ్యడానికి ఈ స్థలం తీసుకున్నారు. మార్చి దాటితే కంచె వేస్తారని కాపలా మనిషి చెప్పాడు.

మొదటి ఆదివారం జగదీశ్వర్ పట్టుకుంటే ఆగయ్య మూడు చుట్లు ఎగరేసి పడగొట్టాడు. పంక విరిగింది. టిమోతి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కేక వేశాడు. “మణికట్టు కాదు, భుజం. చెయ్యంత కదలాలె.” రెండో ఆదివారం ఎనిమిది చుట్లు తిరిగి, కళ్లు తిరిగి మోకాళ్ల మీద కూలబడ్డాడు. విమానం తోక ఊడింది. ఆ వారమంతా ఇద్దరూ కూర్చుని అతికించారు. టిమోతి జిగురు రాస్తుంటే ఆగయ్య పట్టుకున్నాడు. చాలా నెలల తర్వాత టిమోతి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడని రెజీనా వంటింట్లోంచి సారవ్వకు ఫోన్ చేసి చెప్పింది.

మూడో ఆదివారం విమానం లేచింది, లేచి నిలిచింది. నాలుగైదు చుట్ల తర్వాత ఆగయ్య ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు తెలిసింది. ఇంజను వణుకు తీగల వెంట వచ్చి అరచేతిలో పడుతోంది. గాలికి ఎదురు పోయే చోట లాగుడు ఒక రకం, గాలి తోసే చోట ఇంకో రకం. తను పిడి వంచకముందే, వంచాలనుకున్న క్షణానికే అది కదులుతోంది. ఎన్నో ఏళ్లు రెండు చేతులతో పట్టుకున్నప్పుడు దాని పెనుగులాట నిమిషంలో అయిపోయేది. వదిలేస్తే చేతుల్లో ఏమీ మిగిలేది కాదు. ఇక్కడ అది వదిలిన తర్వాత కూడా చేతిలోనే ఉంది. చుట్టూ ఉన్న మైదానం, సున్నపు రాళ్లు, దూరాన పవర్‌హౌస్ గొట్టాలు అన్నీ చెరిగిపోయి ఆ చిన్న విమానం ఒక్కటే కదలకుండా ఎదురుగా నిలబడ్డట్టు కనిపించింది. నూనె అయిపోయి ఇంజను ఆగింది. చప్పుడు లేకుండా సగం చుట్టు జారి గడ్డి మీద దిగింది. ఆగయ్య పిడి విడవలేదు. మొహం తుడుచుకుంటే తడి తగిలింది. చెమటేనని అనుకున్నాడు. రఘుపతి చనిపోయిన తర్వాతి ఆ ప్లేడే పొద్దున టిమోతి తనను ఎందుకు పిలిచాడో, తన చేతికి ఏమివ్వాలనుకున్నాడో ఇప్పుడు కొంచెం అర్థమైంది.

టిమోతి కుర్చీలోంచి అడిగాడు. “ఎట్లున్నది?”

“గుంజుతుంది,” అన్నాడు ఆగయ్య.

మార్చి చివరి ఆదివారం పసుపు విమానం తెచ్చారు. మైదానం ఒక పక్క కంచె గుంజలు అప్పటికే లేచాయి. గాలి లేదు. పట్టుకునేది ఎవరన్న మాట వచ్చింది. ఈసారీ జగదీశ్వర్‌నే పిలుద్దామన్నాడు ఆగయ్య.

“నేను పట్టుకుంట,” అన్నాడు టిమోతి.

“నువ్వు వంగొద్దన్నడు గదా డాక్టరు,” అంది రెజీనా.

“వంగను. కూసుంట.”

గడ్డి మీద చాప వేసి కాళ్లు చాపి కూర్చున్నాడు. రెజీనా వెనక కూర్చుని రెండు భుజాలూ పట్టుకుంది. ఇంజను ఆగయ్య మోగించాడు. కాస్త బిగుతుగా ఉందనిపించి పైనున్న మర పావు చుట్టు విప్పాడు. చప్పుడు సాఫీ అయింది. టిమోతి తల ఊపాడు. అతని సన్నటి చేతులు విమానంతో పాటు వణకడం చూసి, నడిమికి పోయే దారిలో ఆగయ్య రెండుసార్లు వెనక్కి తిరిగాడు. పిడి అందుకున్నాడు, తీగలు లాగి చూసుకున్నాడు, చెయ్యి లేపాడు.

టిమోతి వెంటనే వదల్లేదు. తల కొంచెం వంచి ఇంజనును విన్నాడు. తర్వాత వదిలాడు.

పసుపు విమానం పాత పలక విమానంలా పరుగెత్తలేదు, నేల విడిచి అట్లాగే పైకి తేలింది. దాని లాగుడు వేరు. బరువుగా, నిదానంగా ఉంది. టిమోతి అంచునే కూర్చున్నాడు కాబట్టి మొదటి చుట్లు అది అతని మీదుగానే పోవాలి. ఆగయ్య దాన్ని రెండు నిలువుల ఎత్తులో ఉంచి, ఆ వైపు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు. రెజీనా భర్తను చాపతో సహా వెనక్కి జరుపుకుంటూ పోయింది. నాలుగు చుట్లకు ఇద్దరూ బయటపడ్డారు. ఆగయ్య భుజం వదులైంది.

అప్పుడు టిమోతి చెయ్యెత్తి వేలితో గాలిలో సున్నా చుట్టాడు. సున్నా కొట్టమని.

ఆగయ్య చూశాడు. చూసి, విమానాన్ని అదే ఎత్తులో పోనిచ్చాడు. మరుసటి చుట్టులో టిమోతి ఇంకా పెద్ద సున్నా చుట్టాడు. రెండేళ్లు లెక్కలు వేసి చేసింది అందుకే. ఆ రెక్కలు అందుకే అంత పెద్దవి. పిడిని గట్టిగా పైకి వంచితే చాలు, అది నిలువుగా ఎక్కి వెనక్కి తిరిగి దిగుతుంది. దిగేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆగయ్యకు తెలియదు. తెలియదని అతనికి స్పష్టంగా తెలుసు. నలభై చుట్లు సమంగా తిప్పాడు. ఇంజను ఆగాక మెత్తగా దించాడు. గడ్డి మీద ఒక్క గీత పడకుండా ఆగింది.

దాన్ని ఎత్తుకుని టిమోతి దగ్గరికి వచ్చాడు. టిమోతి మొహం బిగుసుకుని ఉంది.

“సున్నా కొట్టుమన్న గద.”

“చూసిన.”

“మరేంది? రేపటి సంది గ్రౌండు ఉండది. ఇరిగితే ఇరిగేది.”

“ఇరుగుతదని కాదన్నా,” అన్నాడు ఆగయ్య, ఎదురుగా గడ్డి మీద కూర్చుంటూ. “నాకు రాని పని. ఇంజను సక్కగ లేకుంటే నేనెన్నడన్న వదిలిన్నా? గిది గూడ గంతే. ఒచ్చిందాంక కొట్టను.”

రెజీనా నీళ్ల సీసా మూత తీసి టిమోతికిచ్చింది. తాగాడు. కంచె గుంజల అవతల ఒక లారీ మట్టి దించి పోయింది, ఎర్రటి దుమ్ము లేచి మెల్లగా ఇటువైపు వచ్చింది. టిమోతి తువ్వాలతో పసుపు విమానం రెక్కల మీది ఆముదం తుడవడం మొదలుపెట్టాడు. ఒక రెక్క తుడిచి, రెండోది తుడిచి, తోక దాకా వచ్చాడు. కోపం ఎక్కడ పోయిందో, పనిలో పడ్డ మనిషి మొహం వచ్చింది.

“బయటి రెక్క జర బరువున్నది,” అన్నాడు. “కనవడ్డదా?”

“అవతలి దిక్కు పోయినప్పుడు వంగుతుంది.”

“ఆఁ.” టిమోతి మరి కాసేపు తుడిచాడు. “గిది నీ చేతికి తొందర ఎక్కువ. నేర్సుకునేటందుకు ఇంకోటి చేస్త. రెక్క మందంగ, నిదానంగ తిరిగేది. జైపూర్ దిక్కు రోడ్డు పక్కన బీడు ఉన్నది, జగదీశ్వర్ చెప్పిండు. ఆటోల పోదాం.”

ఆగయ్య తల ఊపాడు. తీగలు చుట్టడానికి పిడి అందుకుంటే చెయ్యి మండింది. టిమోతి చూశాడు. ఆగయ్య అరచేతిలో, వేళ్ల మొదట్లో, రెండు బొబ్బలు లేచి చితికిపోయాయి.

“ఎన్నడైనయి గవి?”

“పోయినవారం సంది.”

“గా పిడి నా చేతి కొలత,” అన్నాడు టిమోతి. “నీ చెయ్యి ఎడల్పు. చెప్పొద్దా?”

రెజీనా సంచిలోంచి చర్చి కాగితం ఒకటి, పెన్సిల్ తీసి ఇచ్చింది. టిమోతి కాగితం ఖాళీ వైపు తిప్పి చాప మీద పరిచాడు. ఆగయ్య మోకాళ్ల మీద వంగి కుడి చెయ్యి దాని మీద ఆనించాడు. బొగ్గు ఎత్తి ఎత్తి ముదిరిన చెయ్యి, పక్కకు వంగిన చూపుడు వేలు. టిమోతి బొటనవేలి దగ్గర మొదలుపెట్టి, వేలు వేలుకూ మధ్యన సందుల్లోకి కూడా పెన్సిల్ పోనిస్తూ, నెమ్మదిగా గీయడం మొదలుపెట్టాడు.

“కదలకు,” అన్నాడు.

ఆగయ్య కదలలేదు.